అంటే మాస్టారు

మా స్కూల్లో ఇంగ్లీషు మాస్టారిని అందరూ వెనకాల ‘అంటే మాస్టారు’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఒకసారి నేను టీ గ్లాసు అందిస్తుంటే, “నా పేరు మార్చేశారట కదమ్మా. మార్చేముందు నన్నొక మాట అడిగితే బాగుండేది” అన్నారు. కోపంగా అనలేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన పుస్తకంలోంచి ఒక ఇంగ్లీషు వాక్యం చదువుతారు. ఆగుతారు. “అంటే...” అని కళ్లజోడు పైకి తోసుకుంటారు. తర్వాత దాని అర్థం మన మాటల్లో చెప్తారు. మళ్లీ వాక్యం, మళ్లీ ‘అంటే’. ఇరవై ఆరేళ్లుగా ఆయన పాఠం ఇలాగే నడుస్తోంది. నేను తొమ్మిదో తరగతి సగంలో మానేసేదాకా రెండో బెంచీలో కూర్చుని విన్నాను. మూడేళ్ల తర్వాత అదే స్కూల్లో అటెండరుగా చేరాను. గంట కొట్టడం, టీలు ఇవ్వడం, సాయంత్రం గదులు ఊడవడం నా పని. ఇప్పుడు వరండాలోంచి వింటాను.

నేను మానేసిన రోజు ఆయన నన్ను స్టాఫ్ రూము బయట ఆపి, “ఎందుకు మానేస్తున్నావు?” అని అడిగారు. “ఏం లేదు సార్” అన్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. పక్కనున్న లెక్కల మాస్టారి వైపు తిరిగి, “అంటే, ఇంట్లో ఏదో ఇబ్బంది అయ్యుంటుంది” అన్నారు. పాఠంలో వాక్యానికి చెప్పినట్టే నాకూ అర్థం చెప్పేశారు. అది తప్పు అర్థమూ కాదు.

మాస్టారు సన్నగా ఉంటారు. ఏళ్ల తరబడి ఒకే భుజానికి సంచి వేసుకోవడం వల్ల ఆ భుజం కాస్త కిందికి జారింది. జేబులో పెన్ను ఉండదు, పెన్సిలూ రబ్బరూ ఉంటాయి. గోధుమరంగు అట్ట వేసిన ఆయన పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు వాక్యం మీదా చీమల బారులా పెన్సిల్‌తో అర్థం రాసి ఉంటుంది. స్కూలుకు రెండు వీధుల అవతల మేడ మీద రెండు గదుల్లో ఆయనా భార్యా ఉంటారు. ఆవిడ యూనిఫారాలు కుడుతుంది. మాస్టారు మర్చిపోయిన కళ్లజోడో టిఫిన్ డబ్బానో గేటు దాకా తెచ్చి నాకిచ్చి, నాలుగు మాటలు చెప్పి గానీ వెళ్లదు.

“ఇంట్లోనూ ఇంతేనే తల్లీ” అంది ఒకసారి. “కూర బాగుంది, అంటే, ఉప్పు కాస్త తగ్గింది అంటారు. ఆయన దగ్గర ‘అంటే’కి ముందున్న మాట వదిలెయ్యాలి. ఆ తర్వాతదే అసలు మాట.”

పదో తరగతికి ఇంగ్లీషులో ఒక నాటకం ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు నాటకకర్త రాసింది. మాస్టారు ఆయన్ని ‘పెద్దాయన’ అంటారు, ఇంట్లో తాతగారి గురించి చెప్పినట్టు. ముసలి రాజు రాజ్యాన్ని ముగ్గురు కూతుళ్లకు పంచుతూ, నన్నెంత ప్రేమిస్తారో చెప్పండి అని అడుగుతాడు. పెద్దవాళ్లిద్దరూ ఆకాశానికెత్తేస్తారు. చిన్నది మాత్రం చెప్పడానికేమీ లేదంటుంది. ఆ చోట మాస్టారి ‘అంటే’ పావుగంట నడుస్తుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు మా పిల్లలందరూ ఒకే జవాబు, ఒకే మాటల్లో రాస్తారు.

ఈ ఏడాది ఒక నాటక సంస్థ పన్నెండు స్కూళ్లతో కలిసి పని మొదలుపెట్టింది. వాళ్లు వచ్చి పెద్దాయన నాటకాలను పిల్లల చేత ఆడించి నేర్పిస్తారు. ముందు టీచర్లకు నాలుగు శనివారాలు నేర్పి, చివర ప్రతి స్కూల్లో ఒక డెమో క్లాసు చూస్తారు. అందులో నచ్చిన స్కూళ్లతోనే ఇంకో మూడేళ్లు కలిసి పనిచేస్తారు. మా స్కూలుకు వచ్చినావిడ పొడుగ్గా, పొట్టి జుట్టుతో ఉంటుంది. మొదటి రోజు నుంచే అందరికీ నాటకాల అక్క అయిపోయింది.

మొదటి శనివారం బెంచీలన్నీ గోడకు జరిపించింది. టీచర్లను చెప్పులు విప్పి గదంతా నడవమంది. “మీరిప్పుడు రాజు. మీకు ఎనభై ఏళ్లు. మోకాళ్లు నొప్పి” అంది. లెక్కల మాస్టారు, “నాకు నటించాల్సిన అవసరం లేదండీ” అని కుంటుకుంటూ నడిచారు. అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం సంచి భుజానికి తగిలించుకునే గోడ పక్కన నిలబడ్డారు.

మరుసటి వారం నాటకాల అక్క ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఏవో గీతలు గీసుకుంది. తర్వాత స్టాఫ్ రూములో నేను టీ పోస్తుండగా ఆ కాగితం ఆయన ముందు పెట్టింది.

“మాస్టారూ, ఒక్క పీరియడులో యాభై మూడు సార్లు అంటే అన్నారు.”

“యాభై మూడేనా? ఇవాళ గొంతు బాగాలేదు లెండి.”

“పిల్లలకి మీరే నమిలి పెడుతున్నారు.”

“పళ్లు రానివాళ్లకి నమలక తప్పదు కదమ్మా.”

“పదో తరగతి మాస్టారూ. పళ్లన్నీ వచ్చేశాయి. డెమో క్లాసు మొత్తం ఒక్క అంటే కూడా లేకుండా చెయ్యగలరా?”

మాస్టారు టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పారు. ఆయనకు బదులు, అక్కడే కూర్చున్న హెడ్ మేడమ్ అందుకుంది. “చెయ్యాలి మాస్టారూ. లేకపోతే పదో తరగతి కొత్త మేడమ్‌కి ఇస్తాను. మీరు లైబ్రరీ చూసుకుందురుగాని.”

మా లైబ్రరీ అంటే ల్యాబ్ మూలన మూడు బీరువాలు. ఒకదాని తాళంచెవి నేను చేరకముందే పోయింది.

ఆ సాయంత్రం పదో తరగతి గది ఊడవడానికి వెళ్తే మాస్టారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. పుస్తకం తెరిచి ఉంది. నన్ను చూసి, ఎవరితోనో సగంలో ఆగిన మాట అందుకున్నట్టు చెప్పారు.

“ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇంగ్లీషు సరిగా వచ్చేది కాదమ్మా. ముందురోజు డిక్షనరీ చూసి రాసుకుని వచ్చేవాణ్ని. క్లాసులో అవి గుర్తు రావడానికి కాస్త టైము కావాలి కదా. అందుకని అంటే అనేవాణ్ని. అదే చేతికర్ర అయింది. ఇప్పుడది తీసేస్తే నా దగ్గర ఇంకేముంది?”

చీపురు పట్టుకుని నిలబడ్డాను.

“నువ్వు అక్కడ కూర్చో” అని రెండో బెంచీ చూపించారు. “డస్టరు తీసుకో. నేను అంటే అన్నప్పుడల్లా బల్ల మీద కొట్టు.”

మొదటి ‘అంటే’కి కొట్టాను. ఆయనకు వినపడలేదు. మాస్టారిని కొడుతున్నట్టే అనిపించింది మరి.

“గట్టిగా కొట్టమ్మా. రోజూ గంట కొట్టే దానివి, ఇదేం చెయ్యి?”

ఆ రోజు మొదటి పేజీ పూర్తయ్యేలోపు పదకొండు సార్లు కొట్టాను. గదంతా సుద్దపొడి. మర్నాడు తొమ్మిది. ఆ తర్వాత ఆయన ‘అంటే’ మానేసి ‘అనగా’ అనడం మొదలుపెట్టారు. నేను కాసేపు ఆలోచించి దానికీ కొట్టాను. “నిన్ను కొంచెం అమాయకురాలివి అనుకున్నాను” అన్నారు. రెండు వారాలకి మూడుకి దిగింది గానీ, ‘అంటే’ లేని చోట ఆయన పూర్తిగా ఆగిపోయేవారు. నోరు కాస్త తెరుచుకుని ఉండేది. కళ్లు పెన్సిల్ రాతల మీదే తిరిగేవి.

డెమో రోజు మూడో పీరియడు. హెడ్ మేడమ్, నాటకాల అక్క వెనక కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టారి భార్య గేటు దగ్గర నాకు ఆయన కళ్లజోడు ఇచ్చి, “ఆ ‘అంటే’ లేకుండా అన్నం కూడా అడగలేని మనిషి” అని నిట్టూర్చి వెళ్లింది. కళ్లజోడు ఇచ్చే వంకతో వెళ్లి, ఇచ్చాక కూడా నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను.

బెంచీలు గోడకు జరిపి ఉన్నాయి. నలభై రెండు మంది నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మాస్టారు నిలబడి, చిన్న కూతురి మాట ఇంగ్లీషులో చదివారు. ఆగారు.

తర్వాత నలభై రెండు మందీ, ఎవరూ చెప్పకుండానే, ఒక్క గొంతుతో అన్నారు.

“అంటే?”

వాళ్లకది ఎగతాళి కాదు, అలవాటు. హెడ్ మేడమ్ పెదవులు బిగించింది. మాస్టారు నోరు తెరిచారు. పావుగంట జవాబు ఆయన నాలుక చివర ఉందని నాకు తెలుసు. నా చేతిలో డస్టరు లేదు, అయినా వేళ్లు ముడుచుకున్నాయి. ఆయన పుస్తకం మూసేశారు.

“నాకు తెలీదు” అన్నారు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇరవై ఆరేళ్లుగా చెప్తున్నాను, అది మా మాస్టారు నాకు చెప్పింది. ఆయనకి ఎవరు చెప్పారో. ఆ పిల్ల ఎందుకలా అందో మాత్రం నాకు నిజంగా తెలీదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.”

మొదటగా లేచింది గట్టి గొంతుకు ‘మైకు’ అని పేరు పడ్డ కుర్రాడు.

“పొగరు సార్.”

“పొగరు కాదు” అంది ఒక పిల్ల. “అక్కలిద్దరూ ఉన్న మాటలన్నీ వాడేశారు. ఇంకేం మిగిలింది?”

“అడిగి చెప్పించుకునేది ప్రేమేంటి సార్? అది వైవా” అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. నాటకాల అక్క కూడా. మాస్టారు నవ్వలేదు, శ్రద్ధగా వింటున్నారు. “సరే, చేసి చూద్దాం. మీ సొంత మాటల్లో చెయ్యండి” అని మైకుని రాజును చేసి కుర్చీ ఇచ్చారు. చిన్న కూతురుగా, ఎప్పుడూ సంచి ఒళ్లో పెట్టుకుని చివరి బెంచీలో కూర్చునే పిల్లని పిలిచారు. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకే కాదు, క్లాసుకే తెలియదు.

అక్కల వేషం వేసిన ఇద్దరూ పొగిడారు. మైకు కుర్చీలో వెనక్కి వాలి, చిన్న కూతురి వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పమ్మా.”

ఆ పిల్ల కాలి బొటనవేలు చూసుకుంటూ, “ఏం లేదు నాన్నా” అంది.

మైకు నిజంగానే ఎదురుచూశాడు కాబోలు, మొహం వాడిపోయింది. తను రాజునన్న సంగతి కూడా మర్చిపోయి, ముందుకు వంగి మెల్లగా అడిగాడు. “ఏం లేదా? అంటే?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల ఎత్తలేదు, జవాబూ చెప్పలేదు. అందరం ఆమెనే చూస్తున్నాం. హెడ్ మేడమ్ కూడా మెడ చాచి చూస్తోంది. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. పక్క క్లాసులోంచి లెక్కల మాస్టారు వచ్చి, “గంట కొట్టేవాళ్లు బతికే ఉన్నారా?” అని అడిగేదాకా నాకు గంట గుర్తు రాలేదు. ఏడు నిమిషాలు ఆలస్యం. ఆ నెలంతా హెడ్ మేడమ్ నాకు గోడ గడియారం చూపిస్తూనే ఉంది.

వారం తర్వాత కబురొచ్చింది. మా స్కూలు మూడేళ్లకు ఖాయమైంది. పదో తరగతి మాస్టారికే ఉండిపోయింది. “లైబ్రరీ బీరువా తాళంచెవి ఇక దొరికే యోగం లేదు” అన్నారు లెక్కల మాస్టారు. నాటకాల అక్క వెళ్తూ వెళ్తూ, “ఆ రోజు ఒక్క అంటే కూడా అనలేదు మాస్టారూ” అంటే, “నా వంతు రాజు అన్నాడుగా” అన్నారాయన.

ఆ సాయంత్రం గది ఊడుస్తుంటే మాస్టారు వచ్చారు. పుస్తకంలో ఆ పేజీ తెరిచి, చిన్న కూతురి మాట మీద ఉన్న పెన్సిల్ రాతను రబ్బరుతో మెల్లగా చెరిపారు. పొడిని ఊదారు.

“నువ్వు కూడా ఓసారి ఏం లేదు సార్ అన్నావు, గుర్తుందా?”

తల ఊపాను.

“అంటే?”

నా చెయ్యి అలవాటుగా డస్టరు తీసి బల్ల మీద కొట్టింది.

“ఇది లెక్కలోకి రాదమ్మా” అన్నారు. “ఇది అడగడం” అని రెండో బెంచీలో ఒక పక్కకు జరిగి కూర్చున్నారు. తొందరేమీ లేనట్టు ఉన్నారు.

నేను చీపురు గోడకు ఆనించాను. “నోరు తెరిస్తే ఏడుపొస్తుందని సార్” అన్నాను.

ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, చెరిపిన చోట నేనన్న ఆ మాటే రాసుకున్నారు.