ఖాళీగా వదిలిన ఎడమ పేజీ

నిన్న స్కూల్లో టీచర్ మా అమ్మాయి సైన్స్ నోట్‌బుక్ నా ముందు పెట్టి, ఎడమవైపు పేజీలన్నీ ఎందుకు ఖాళీగా వదిలేస్తోందని అడిగింది. కాగితం దండగవుతోందని ఆవిడ బాధ. నాకు నవ్వొచ్చింది. ఆ అలవాటు మా పెద్దమావయ్యగారిది, అంటే మా మామగారి అన్నగారిది.

ఆయన ఎప్పుడో ఫిజిక్స్ చదవడానికి ఈ దేశం వచ్చి, మేముండే ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే రిటైరైన మనిషి. మా అమ్మాయి ఏడాది పిల్లగా ఉన్నప్పుడు రోజూ మధ్యాహ్నం వచ్చి, నేను ఇంట్లోంచే ఆఫీస్ పని చేసుకుంటుంటే, దాన్ని భుజాన వేసుకుని ఉప్మాలో జీడిపప్పు ఏరుకు తింటూ కూర్చునేవారు. అప్పట్లో నేను కెమెరాలో మనుషుల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం రాస్తున్నాను. కార్ల కోసమే మొదలైంది. కొత్త కస్టమర్ వచ్చాక, ఎంత ఎత్తునుంచి చూసినా మనిషిని పట్టుకోగలగాలన్నారు. కారు ఎగరదని, ఎగిరేది డ్రోనేనని నాకూ తెలుసు. ఇది ఎవరి కోసమని అడిగితే ఉద్యోగం, దానితోపాటు వీసా పోతాయేమోనని మూడు నెలలు నోరు మెదపలేదు.

ఒకరోజు ఆయన దగ్గర, "అది ఎవరికోసమో నాకు తెలియదు మావయ్యగారూ" అన్నాను. ఆయన పిల్లని జోకొడుతూ తన ప్రొఫెసర్ సంగతి చెప్పారు. ఆ ప్రొఫెసర్ కుర్రతనంలో మొదటి అణుబాంబు కోసం లెక్కలు కట్టారట. ఎంత ఎత్తులో పేలితే ఎక్కువ ఇళ్ళు కూలతాయన్నది ఆయన వంతు.

"ఏ ఊరి మీద వేస్తారో నాకు తెలియదు అనేవారమ్మాయ్, చాలా ఏళ్ళు. చివరికి దాన్ని దిద్దుకుని, నేను అడగలేదు అన్నారు. అప్పట్నుంచి మా చేత కుడిపేజీలో లెక్క, ఎడమపేజీలో అది ఎవరి చేతికి వెళ్తుందో రాయించేవారు. ఖాళీగా ఉంటే సంతకం పెట్టేవారు కాదు."

"మీరేం రాశారు?"

"మొదటిసారి, నా డిగ్రీకి అని రాశా. చీవాట్లు పడ్డాయ్."

మర్నాడు మీటింగ్‌లో అది ఎవరి కోసమని అడిగేశాను. మేనేజర్ కనుక్కుంటానన్నాడు. జవాబు రాలేదు గానీ, వారం తిరక్కుండా నన్ను పార్కింగ్ సెన్సర్ల టీమ్‌కి మార్చారు. నేను రోజూ భయంభయంగా మెయిల్ చూసుకుంటుంటే మా ఆయన, "తీసేసేవాళ్ళు ఇంత బోరింగ్ పని ఇవ్వరులే" అన్నాడు. నిజమే, హాయిగానే గడిచింది. ఆ ప్రోగ్రాం మాత్రం ఇంకెవరో పూర్తిచేసే ఉంటారు. అదొక్కటీ ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

ఎడమ పేజీల గురించి సాయంత్రం అమ్మాయిని అడిగితే, "ఇది ఎవరి చేతికి వెళ్తుందని తాత అడుగుతారు కదా, ఇంకా థింక్ చేస్తున్నా" అంది. ఆ ప్రొఫెసర్‌కి ఒక్క మాట దిద్దుకోవడానికి సగం జీవితం పట్టింది. నాకు మూడు నెలలు. దీనికి ఎంతకాలం పడుతుందో గానీ, పేజీ మాత్రం ముందే వదిలిపెట్టుకుంది.