అత్తయ్య వేలు, గోడమీద పెట్టె

మా తెనాలి ఇంట్లో ఆ పెట్టె బిగించిన రోజు నా సంబరం ఇంతా అంతా కాదు. బాత్రూమ్ మరమ్మతు చేయిస్తూ, పనిలో పనిగా మీటరు పక్కన ఆర్‌సీసీబీ పెట్టించాను. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకుండా కాస్త ఎవరి ఒంట్లోంచో నేలలోకి జారిందంటే, అది రెప్పపాటులో ఇల్లంతటికీ సరఫరా ఆపేస్తుంది. పరీక్షించడానికి చిన్న బటన్ కూడా ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు ఆ బటన్ నొక్కి చూపించేదాన్ని. టక్కుమని ఫ్యాన్లు ఆగిపోయేవి. మా ఆయనకు ఒళ్లు మండేది.

"కాసేపు టీవీ చూడనివ్వవా ఏంటి?" అనేవాడు.

నా హడావుడికి కారణం మా అత్తయ్య. ఆవిడకు గీజరు నీళ్లు పడవు. బకెట్లో హీటర్ రాడ్ వేసుకోవలసిందే. కాగాయో లేదో తెలుసుకోవడానికి స్విచ్ ఆపకుండానే నీళ్లలో వేలు ముంచుతుంది, మనం మెతుకు పట్టి అన్నం ఉడికిందో లేదో చూసినంత మామూలుగా. వద్దని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

"వేమూరులో మా పుట్టింట్లో అందరం ఇట్టాగే చూస్తామమ్మా. ఎవరికేమైంది?" అనేది.

ఒక ఆదివారం పొద్దున చర్చికి తయారవుతున్నాం. నేను చీర ఇస్త్రీ చేస్తుంటే పెట్టె టక్కుమంది. ఎదురింట్లో మాత్రం ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మా ఆయన సగం గీసిన గడ్డంతో వచ్చి, "రేపే ఈ బొమ్మని పీకించేస్తా" అంటూ మీట పైకి నెట్టబోయాడు.

"ఆగండి, దాన్ని ముట్టుకోకండి" అని అరుస్తూ వెళ్లి బాత్రూమ్ తలుపు బాదాను.

అత్తయ్య తలుపు తీసింది. తడి కాళ్లు, చేతికి అంటిన నీళ్లు. "వేలు పెట్టానమ్మా. జివ్వుమంది. అంతలోనే కరెంటు పోయింది" అంది.

ముందు రాడ్ ప్లగ్ పీకేశాను. చూస్తే దాని గొట్టం సన్నగా చిట్లి ఉంది. అప్పుడు ఆవిడను వాటేసుకున్నాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెట్టె పనిచేసింది, మా అత్తయ్య నా చేతుల్లో వెచ్చగా ఉంది, ఇంతకన్నా నాకేం కావాలి. మా ఆయన మీట మీంచి చెయ్యి తీశాడు. నేనైతే వీధి వీధంతా తిరిగి చెప్పాలన్నంత ఉత్సాహంలో ఉన్నాను.

అత్తయ్య మాత్రం నా చెయ్యి విడిపించుకుంది.

"మా చెల్లికి ఫోన్ కలుపమ్మా. దాని ఇంట్లో ఈ పెట్టె లేదు. ఇట్టా వేలు పెట్టి చూడటం దానికి నేర్పింది నేనే."

వేమూరులో ఫోన్ మోగుతున్నంతసేపూ ఆవిడ ఆ వేలిని పిడికిట్లో బిగించుకునే ఉంది. చివరికి చిన్నత్తయ్య ఎత్తింది.

"నీళ్లు కాగాయో లేదో చూసుకుంటున్నానక్కా. ఏంటి చెప్పు?"

"ముందు స్విచ్ ఆపవే" అంది అత్తయ్య.