లావో మాట, నార్వే మాట, నా సంతకం

1958 మార్చి 12, బుధవారం, పగలు పదకొండున్నర. ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసులో మా బావ, నా మొగుడి అన్న శేషారెడ్డి నా బొటనవేలు పట్టుకుని సిరాదిండు మీద అదిమిన సమయం అది. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది కాబట్టి చెప్పగలుగుతున్నాను. మొన్న నంద్యాల బ్యాంకులో ఒక అమ్మాయి నా తెల్లజుట్టు చూసి, ఒక మాటైనా అడక్కుండా ఊదారంగు సిరాదిండు నా ముందుకు తోసింది. ఆ వాసన తగలగానే వేలు వెనక్కి లాక్కుని “పెన్నియ్యి” అన్నాను. నా మొరటుతనం ఆ పిల్లకు నచ్చలేదు. నచ్చకపోనీ. నాకు అక్షరాలు ఇరవై నాలుగేళ్ళు దాటాక వచ్చాయి. వాటిని ఇచ్చిన మనిషిని మీలో ఎవరూ చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు దస్తగిరి. నంద్యాలలో నేను కూలికి పోయిన వడ్ల మిల్లులో బాయిలరు మనిషి. చిన్నప్పుడే ఇల్లు వదిలి మద్రాసు రేవుకు పోయి, నార్వే వాళ్ళ సరుకుల ఓడలో బొగ్గు వేసే పనిలో చేరాడు. జ్వరం వస్తే సైగాన్‌లో దింపేశారు. అక్కడి నుంచి ఎట్లనో లావో దేశం చేరి, మెకాంగ్ నది ఒడ్డున ఒక వడ్ల మరలో ఏడేళ్ళు నిప్పు చూసుకున్నాడు. 1953లో తిరిగి వచ్చేనాటికి ఆయన నాలుక మీద ఎవరికీ పనికిరాని రెండు భాషలు ఉన్నాయి. మిల్లులో అందరూ నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వాను. మొగుడు పోయి, అత్తింట్లో ఇమడలేక, మా అక్క వెంకమ్మ పంచన చేరిన దాన్ని. నాకు నవ్వు దొరికేదే తక్కువ.

ఒకరోజు సద్ది తినేటప్పుడు అడిగాను. “ఏమన్నా, ఆ రెండిట్లో యాది సులువు?”

“రెండూ సులువే, రెండూ కష్టమే. మనం నేను పోతా, నువ్వు పోతావ్, వాడు పోతాడు అని ఊరికే తోకలు మారుస్తాం గదా. వాళ్ళకు ఆ బాధ ల్యా. ఎవరు పోయినా ఒగటే మాట. ఈ దేశం ఆ దేశం మొగం చూసింది ల్యా, ఇద్దురికీ అదే బుద్ధి పుట్టింది సూడు.”

“మరి కష్టం యాడుంది?”

“రాగంలో. లావోలో గొంతు పైకి పోతే ఒగ మాట, కిందికి దిగితే ఇంగొగటి. నార్వే వాళ్ళకూ రాగముంది గానీ రెండే. లావో వాళ్ళు మొగం సూడంగానే ‘కిన్ ఖావ్ లేవ్ బో’ అంటారు. అన్నం తింటివా అని. నార్వే వాళ్ళు అట్ల అడగరు. తిన్నాక లేసి ‘తక్ ఫోర్ మాతెన్’ అంటారు. కూటికి దండం అని.”

“మన మాదిరి ముందడిగేటోళ్ళే మేలు.”

“నువ్వు వండింది తిన్నాక ఎవురన్నా నిన్ను తలుచుకుండిరా, ఓబుళమ్మా? ల్యా గదా. రెండూ కావల్ల.”

లావో అక్షరాలు మన వాటిలాగే గుండ్రంగా ఉంటాయని బొగ్గుముక్కతో కళ్ళం గచ్చు మీద రాసి చూపించాడు. నాకు మన అక్షరాలే రావని అప్పుడు బయటపడింది. ఆయన జాలిపడలేదు. “అయితే రేపట్నించి నడువు” అన్నాడు.

నడవడమంటే ఇది. ఉడికిన వడ్లను కళ్ళంలో ఆరబోసి, ఆడవాళ్ళం కాళ్ళీడ్చుకుంటూ తిరగేసేవాళ్ళం. పాదం పోయినచోటల్లా గీత పడేది. ఆయన బాయిలరు గది గడపలో నిలబడి “కుడికి తిరుగు, సున్న చుట్టు, పైకి పో” అంటే నేను వడ్లలో ఓ నడిచాను, బు నడిచాను, ళ నడిచాను. తక్కిన ఆడవాళ్ళు “ఏం మే, వడ్లల్లో పాము మాదిరి పోతాండావ్” అని ఎగతాళి చేశారు. పని ఆగలేదు కాబట్టి మేస్త్రీ ఏమీ అనలేకపోయాడు. రెండు ఎండాకాలాలు అట్లా నడిచాను.

చదవడం దగ్గర మాత్రం ఏడ్చాను. ఆయన నాతో చదివించిన పాత చేతిరాత కాగితాల్లో మాటలన్నీ ఒకదానికొకటి గొలుసులా అంటుకుని ఉండేవి. దస్తగిరన్న అన్నాడు, “లావో వాళ్ళు మాటకూ మాటకూ సందే ఇడ్సరు. కంటితో సదవబాక. నోటితో సదువు. నోరే తుంచుకుంటది.”

ఇక ఆళ్లగడ్డ. నా మొగుడి వాటా నాలుగెకరాల నల్లరేగడి. పట్టా నా పేరుకు మారుస్తామని బావ కబురు పెడితే అక్కా నేనూ బస్సెక్కి పోయాం. దస్తావేజులు రాసే వరదయ్య కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. బావ నా వేలిని సిరాలో అద్ది కాగితం మీదికి తెచ్చాడు. నేను వేలు మడిచాను.

“చదివినాక.”

“నీకు సదువేందే? మిల్లులో వడ్లు తొక్కేదానికి.”

రిజిస్ట్రారు “చదవనీయండి” అని కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. గొలుసుకట్టు రాత. నోటితో చదివాను. వాకిట్లో జనం పోగయ్యారు. అరగంట పట్టింది. “నా... హక్కు... యావత్తు... మా బావగారికి... విడిచి...” అక్కడికి వచ్చేసరికి మా అక్క లేచి నిలబడింది. వరదయ్య తన పెన్ను మూత వెతుక్కుంటున్నాడు.

ఆ పెన్ను లాక్కుని కాగితం మీద ‘ఇయ్యను’ అని రాశాను. కింద ఓబుళమ్మ అని రాశాను. నాకు అంతవరకు కాగితం మీద రాసిన అలవాటు లేదు. ఒక్కో అక్షరం అరచేయంత వచ్చింది. దస్తావేజంతా నా అక్షరాల కింద పడిపోయింది.

“కాగితం నాశనం చేస్తివి గదే” అన్నాడు బావ.

“కాళ్ళతో నేర్సుకున్యా. సన్నగా రావు.”

వరదయ్యకు కోపం వచ్చింది. “దస్తావేజు భాష ఇట్లుండదమ్మా. ‘సమ్మతి లేదు’ అని రాయల్ల.”

నార్వేలో ఒకప్పుడు పక్కదేశం వాళ్ళ భాషలోనే రాసేవాళ్ళనీ, పడమటి కొండల్లోని వాళ్ళు ఎదురు తిరిగి తమ ఊరి మాటనే కాగితం మీద పెట్టుకున్నారనీ దస్తగిరన్న చెప్పి ఉన్నాడు. ఓడలో ఆయన పక్కన బొగ్గు వేసినవాడు ఇంటికి జాబులు అట్లనే రాసేవాడట. అదంతా వరదయ్యకు చెప్పే ఓపిక నాకు లేదు. “నేను మాట్లాడేదే నేను రాస్తా” అన్నాను. రిజిస్ట్రారు కాగితాన్ని బావ చేతిలో పెట్టి పొమ్మన్నాడు. ఆ చేను ఈనాటికీ నాదే.

సాయంత్రం మిల్లుకు పోయి జరిగిందంతా చెప్పాను. దస్తగిరన్న మెచ్చుకోలేదు. నిప్పు ఎగదోసి “కిన్ ఖావ్ లేవ్ బో?” అన్నాడు. పొద్దున్నుంచి తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. తన రొట్టెలో సగం ఇచ్చాడు. తిని, లేచి నిలబడి, “తక్ ఫోర్ మాతెన్” అన్నాను. ఇప్పటికీ నేను ఎవరింట్లో తిన్నా ఆ మాట అనే లేస్తాను. అర్థం కానివాళ్ళు నవ్వుతారు. వేలిముద్ర మాత్రం ఆ తరువాత ఎక్కడా వేయలేదు. అక్షరాలు ఇప్పటికీ పెద్దవే వస్తాయి. గడిలో పట్టేట్టు రాయమంటారు. గడి పెద్దది చేసుకోమంటాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు: శేషారెడ్డి బావ, దస్తావేజుల వరదయ్య, నేను పేరు అడగని రిజిస్ట్రారు, సాక్షులుగా వచ్చి సంతకం చేయకుండానే వెళ్ళిపోయిన రామన్న, పెద్దయ్య, బంట్రోతు హుసేను, మా అక్క వెంకమ్మ. దస్తగిరి బాయిలరు వదిలి రాలేక నంద్యాలలోనే ఉన్నాడు. ఆయన పేరూ ఇందులోనే రాస్తున్నాను. రాసింది నేను, ఓబుళమ్మ.