నాయిన ముందు, నా సైకిల్ వెనుక

నాయిన సైకిల్‌తో దిగిన ఫోటోలు మా ఇంట్లో మూడే ఉన్నాయి. రేకు పెట్టెలో, నన్ను కన్న అవ్వ పాత చీర ముక్కలో చుట్టి పెట్టాము. తేమకు అంచులు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయని మొన్న మా మనవరాలు వాటిని మంచం మీద పరిచి ఫోన్లోకి ఎక్కించింది.

"అమ్మమ్మ, గిండ్ల ఏమైందో చెప్పు, నేను రాస్త" అంది.

నాది మూడో తరగతి చదువు. రాయమంటే చేయి తిరగదు. చెప్పమంటే మాత్రం ఎంతైనా చెబుతాను.

మొదటిది సంగారెడ్డి స్టూడియోలో తీసింది. వెనుక పరదా మీద కొండలు, కొండల మీంచి దూకే నీళ్ళు. ముందు నాయిన, ఇరవై ఏళ్ళవాడు, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ సైకిల్ ఆయనది కాదు, గంట కిరాయికి తెచ్చింది. ఫోటో తీసేవాడు దీపాలు సర్దుకుంటూ ఆలస్యం చేస్తుంటే, గంట దాటిపోతుందని నాయిన మొహం చిట్లించాడు. ఆ చిరాకు ఇప్పటికీ ఫోటోలో అలాగే ఉంది. రెండోది పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా కుర్రాళ్ళు పెట్టుకున్న పందెంలోది. నాయిన బనీను మీద పిన్నుతో గుచ్చిన నంబరు కాగితం ఉంటుంది. ఆయన వచ్చింది నాలుగో నంబరు. ఫోటో తీసింది మూడో నంబరు వాడికి. పక్కన నిలబడ్డ నాయిన నిండుగా పడ్డాడు, పాపం ఆ మూడో నంబరు వాడిది సగం భుజమే పడింది.

అంతే, ఆయన పందేలన్నీ అట్లాంటివే. కప్పు తేలేదు, పతకం తేలేదు. సైకిల్ అంటే మాత్రం ప్రాణం. పటేల్‌గూడ దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో హెల్పర్ పని. రోజూ పోను రాను సైకిలే. ఆదివారం నాడు కూడా ఊరికే కూర్చోలేక హత్నూరలో చుట్టాలింటికని బయలుదేరేవాడు. వాళ్ళు చాయ్ పెట్టేలోపే తిరిగి వచ్చేసేవాడు. చుట్టాలు ఒక సాకు, అంతే.

మూడో ఫోటో గురించి చెప్పాలి. నా చిన్నప్పటి నుంచి అది మా ఇంటి గుమ్మం పైన వేలాడింది. ఫ్యాక్టరీ ఆటల పోటీల్లో తీసింది. నేల మీద సున్నంతో గీసిన గీత. గీత దగ్గర నాయిన ఒక్కడే, రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మిగతా సైకిళ్ళన్నీ ఎక్కడో దూరంగా, చీమల్లాగా ఉన్నాయి. అంత ముందు వచ్చాడు మా నాయిన! నేను బడిలో చెప్పాను, పెళ్ళయ్యాక అత్తగారింట్లో చెప్పాను. మా ఆయన నన్ను ఏడిపించాలంటే, "మీ నాయిన ఇంక గీత కాడనే ఉన్నడా, ఇంటికొచ్చిండా?" అనేవాడు.

మా ఆయన కామెర్లతో పోయాడు. నాకు ఇద్దరు పిల్లలు, చిన్నది అప్పటికి పాలు మరవలేదు. అత్తగారింట్లో ఉండమన్న వాళ్ళు లేరు. నాయినే వచ్చి తీసుకుపోయాడు. ఆరు నెలలు అవ్వ వండింది తిని గోడకు ఆనుకుని కూర్చున్నాను. తర్వాత పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఉందంటే పోయాను. పొద్దున ఆరింటి షిఫ్టు. నెలన్నర చూస్తామని, పని నచ్చితే ఫోటోతో గుర్తింపు కార్డు ఇస్తామని, మూడుసార్లు ఆలస్యమైతే ఇక రావద్దని సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు.

మా ఊరి నుంచి కంపెనీ గేటు ఐదు కిలోమీటర్లు. ఆ వేళకు బస్సు లేదు, ఆటో లేదు. చేన్ల గట్ల మీద అడ్డంగా పడి నడిచేదాన్ని. చిన్నదానికి పాలిచ్చి, అది నిద్రపోయాక బయలుదేరాలి కదా. పది రోజుల్లో రెండుసార్లు గేటు మూశాక చేరుకున్నాను.

రెండోసారి ఏడుస్తూ ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. మరునాడు సాయంత్రం పటాన్‌చెరు నుంచి ఒక పాత ఆడవాళ్ళ సైకిల్ తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

అవ్వ గుండె మీద చేయి వేసుకుంది. "మొగుడు వోయి ఏడాది నిండలే. సైకిల్ మీద తిరుగుతదా? ఊరు ఏమంటది?"

"ఊరు పొద్దుగాల ఆరింటికి దీన్ని కంపెనీల దింపుతదా? దింపుతనంటే చెప్పు, సైకిల్ వాపస్ ఇచ్చొస్త" అన్నాడు నాయిన.

సాయంత్రాలు నేర్చుకోవడం, పొద్దున పరుగెత్తడం. మూడో రోజు చాయ్ హోటల్ ముందు, పది మంది మగవాళ్ళు కూర్చున్న చోట, బొక్కబోర్లా పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది. ఒకడు లేవకుండానే, "ఏందక్కా, భూమికి మొక్కుతున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను సైకిల్‌ను అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. నాయిన వెనకాలే రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ వచ్చాడు.

"నాతోని కాదు. నువ్వంటే పందెం గెలిచినోనివి. నాకు నవ్వులపాలు గావుడు తప్ప ఏమొస్తది?" అన్నాను.

నాయిన స్టూలు వేసుకుని గుమ్మం పైనున్న ఫోటో తీసి, కండువాతో దుమ్ము తుడిచి, నా ఒడిలో పెట్టాడు.

"గిండ్ల నేను గెలిచిన్నని ఎవలు చెప్పిన్రు నీకు?"

"చెప్పాల్నా? కనవడుతలేదా?"

"అది మెల్లగ తొక్కే పందెం బిడ్డా. కాలు కింద పెట్టకుండ ఎవడు ఆఖర్ల వస్తే వాడు గెలిచినట్టు. సారు మైకుల రూలు చెప్తుంటే నేను గాలి కొట్టించుకుంటున్న, జోరుగ పోవాలె గదా అని. ఈల ఊదిన్రు. సూస్తే ఒక్కడు కదలడు. అందరు ఆడనే ఊగుతున్నరు. ఏం చాతగాని మొగోళ్ళురా అనుకున్న. ఒక్కటే తొక్కుడు. గీత కాడికి వోయి చేతులు లేపిన. ఫోటో తీసేటాయనకు గీత కాడ ఇంకొకడు దొరకలే, నన్నే తీసిండు. ఇగ చూడు, మైదానమంత ఒక్కటే నవ్వుడు."

నేను ఆ ఫోటోను మళ్ళీ చూశాను. దూరంగా చీమల్లా ఉన్న వాళ్ళే గెలిచినవాళ్ళు. నవ్వుతున్న మా నాయినది అందరికంటే ఆఖరి నంబరు.

"మరి దీన్ని దర్వాజ మీద ఎందుకు పెట్టినవ్?"

"మంచిగ పడ్డ గద" అన్నాడు. "మల్ల ఏడాది సాధన జేసి అదే పందెంల రెండో నంబరు తెచ్చిన. దానికి ఎవలు ఫోటో తియ్యలే."

పొయ్యి దగ్గర నుంచి అవ్వ అందుకుంది. "ఊరందరికి ఎరుకే. ఇదొక్కతే ఊరూర చెప్పుకుంట తిరిగింది, మా నాయిన ఫస్టని."

సిగ్గుతో చచ్చాను. ఆ తర్వాత నవ్వు వచ్చింది. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు. మరునాటి నుంచి నాయిన నేర్పే తీరు మారింది. జోరుగా తొక్కమనలేదు. మా గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు, కాలు కింద పెట్టకుండా ఎంత మెల్లగా పోతావో పో అన్నాడు. మెల్లగా పోవడమే కష్టం. హ్యాండిల్ పాములా మెలికలు తిరుగుతుంది. అది పట్టుబడ్డాక జోరు దానంతటదే వచ్చింది. వారం తిరిగేసరికి సైకిల్ మీద కంపెనీకి పోయాను.

అప్పుడు ఇంకో గొడవ మొదలైంది. గట్ల మీద నడిచినన్నాళ్ళు నేను ఎవరి కంటా పడలేదు. సైకిల్‌కు రోడ్డే కావాలి. ఆ రోడ్డు మీద, ఆ వేళకే, మాకు వరసకు పెద్దనాయిన అయ్యే ఒకాయన పొలం దగ్గర పాలు పిండి క్యాను పట్టుకుని ఊరిలోకి వచ్చేవాడు. ఊరి మొదట్లో పాల బండి ఆగుతుంది. ముండమోపి ఎదురైతే వెనక్కి పోయి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలి. అది ఆయన పట్టింపు. రెండు రోజులు అట్లాగే చేశాడు. రెండు రోజులూ బండి పోయింది, పాలు మిగిలాయి. మూడో రోజు సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు.

"తమ్మీ, నీ బిడ్డను జెర పొద్దెక్కినంక పొమ్మను. రోజు ఎదురొస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. లోపలి నుంచే, "నా మొగున్ని నేను సంపుకున్ననా?" అని అరిచాను. నాయిన చేయెత్తి నన్ను ఆపాడు.

"పొద్దెక్కితే గేటు మూస్తరన్నా. దాని పిల్లలు ఏం తింటరు? నువ్వొక పని చెయ్యి, రేపటి సంది నీకు నేను ఎదురొస్త. నేనైతే మంచిదే గద?"

పెద్దనాయిన మీసం దువ్వుకున్నాడు. "నీ మొకం సూస్తే ఏం కలిసొస్తదో గని, రా" అని వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి నాయిన ముందు, నేను వెనుక. ఆయన షిఫ్టు ఎనిమిదింటికి, అదీ వేరే దిక్కు. నా కోసం చీకటితో లేచి, పాశమైలారం గేటు దాకా వచ్చి, అక్కడి నుంచి తిరిగి పటేల్‌గూడ పోయేవాడు. నాది ఇంకా కొత్త తొక్కుడు. లారీ హారను కొడితే బ్రేకులు పట్టి వణికేదాన్ని. ఆయన మాత్రం నన్ను విడిచి ముందుకు ఉరకకుండా, నాకు అడ్డం రాకుండా, చక్రం మీద చక్రం ఆనినట్టు మెల్లగా నడిపేవాడు. పెద్దనాయిన ఎదురైతే ముందుగా గంట కొట్టి, "రాం రాం అన్నా!" అని గట్టిగా అరిచేవాడు, ఆయన చూపు తన మీద పడేదాకా. ఇరవై రోజులు, ఒక్క రోజు తప్పకుండా. ఆ ఇరవై రోజులకు నేను ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. నాయినకు థాంక్స్ చెప్పే అలవాటు మా ఇండ్లల్లో ఎక్కడిది? ఇప్పుడు చెబుతున్నాను. నా పిల్లలు తిన్న ప్రతి ముద్దలో ఆయన తొక్కిన తొక్కుడు ఉంది.

ఆ నెలన్నర నిండడానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా నాయినకు చలిజ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకునే లేచి సైకిల్ కోసం తడుముకుంటున్నాడు. నేను బయటికి వచ్చి తలుపుకు గొళ్ళెం పెట్టేశాను. లోపల నుంచి తిట్లు వినబడుతుంటేనే సైకిల్ ఎక్కాను.

రోడ్డు కింద కాలువ పారే మోరీ మలుపు దగ్గర పెద్దనాయిన ఎదురుగా వస్తున్నాడు. పక్కకు తప్పుకుని తుమ్మ చెట్ల వెనుక దాక్కుంటే ఆయన పోతాడు. ఆయన మెల్లటి నడక నాకు తెలుసు, ఆయన దాటేసరికి నాకు గేటు మూస్తారు. అది మూడోసారి అవుతుంది. నేను దాక్కోలేదు. నేరుగా పోయాను. ఆయన ఆగాడు. నేనూ ఆగాను.

"మీ నాయిన ఏడి?"

"జరమొచ్చింది పెద్దనాయిన. మంచంల ఉన్నడు."

ఆయన వెనక్కి చూశాడు, పొలం వైపు. ముందుకు చూశాడు, పాల బండి వచ్చే వైపు. తర్వాత మోరీ గోడ మీద కూర్చుని, క్యాను మూత తీసి, మూతలోకి పాలు వంచుకుని ఒక గుక్క తాగాడు. మూతి తుడుచుకున్నాడు. లేచాడు.

"నీళ్ళైతేంది, పాలైతేంది. కూసున్న, తాగిన, అయిపోయింది" అన్నాడు. "నిలవడి ఏం సూస్తవ్? పో! గేటు మూస్తరు."

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తొక్కాను, అంతే. సగం దారిలో చైను ఊడింది. వేళ్ళతో ఎక్కించి మళ్ళీ తొక్కాను. బిహారీ వాచ్‌మన్ గేటు మీద చేయి వేసి, "జల్దీ దీదీ, జల్దీ!" అంటుంటే లోపల పడ్డాను.

మా సూపర్‌వైజరు ఆ పొద్దున్నే కార్డులకు ఫోటోలు తీయించాడు. మొహం కడుక్కుని వస్తానంటే టైము లేదన్నాడు. రెండో రోజు సాయంత్రం కార్డు నా చేతికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళు ఆ కంపెనీలోనే పనిచేశాను.

జ్వరం తగ్గి అన్నానికి కూర్చున్న నాయినకు కార్డు చూపించాను. దీపం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దవడ మీద గీ నల్లగ ఏంది?"

"నూనె. తొవ్వల చైను ఊడింది."

"ఎవలు ఎక్కించిన్రు?"

"నేనే."

ఆయన కార్డును తొడకు ఆనించి పెట్టుకుని, అవ్వను పిలిచి, మళ్ళీ అన్నం పెట్టించుకుని తిన్నాడు.