లింగమ్మవ్వ చెప్పిన జవాబు

దయ్యాలనూ సోదె చెప్పేవాళ్లనూ ఎంతమంది నమ్ముతారో సర్వే చేయమంటే చేసి పెడతాను. నమ్మేవాళ్లలో మాత్రం నన్ను కలపొద్దు. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టాను. మా నాయన పొద్దున లేస్తే పోగు తెగిందా లేదా అని చూసుకునేవాడే గానీ శకునాలు, పీడకలలు పట్టించుకునేవాడు కాదు. నేనూ అంతే.

డిగ్రీ అయినప్పటి నుంచి ఎన్నికల సర్వేలు చేస్తున్నాను. ఇల్లిల్లూ తిరిగి, ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు చదివి, జనం చెప్పిన జవాబు నొక్కడం నా పని. ఎవరికి ఓటేస్తారు, ఎవరి మీద నమ్మకం, భయం లేకుండా ఓటేయగలరా, ఇలాంటివి. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు ఎలా చూస్తాడో, భయపడి చెప్పేటప్పుడు ఎలా చూస్తాడో నాకు బాగా తెలుసు. అందుకే ఆ రోజు సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

స్థానిక ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు. బెళుగుప్ప అవతల ఒక ఊరు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయను. వానల్లేక చేలన్నీ బోసిగా, ఎర్రగా పడి ఉన్నాయి. మా సూపర్‌వైజర్ ఖాజా అన్న బండి మీద నన్ను తీసుకుపోయాడు.

ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గానికి నరసింహప్ప పెద్ద. మాజీ సర్పంచి, భూములున్న మనిషి. అంతకుముందే ఒకసారి ఆయనను నరికారట. బతికాడు. ఆయన మనుషుల చేతిలో వేటు పడినవాళ్లు మాత్రం బతకలేదని ఖాజా అన్న దారిలో చెప్పాడు.

మొదట పోయిన ఇంట్లోనే, భయం లేకుండా ఓటేయగలరా అని అడిగితే ఇంటాయన చొక్కా పైకెత్తాడు. నాటుబాంబు పేలి కడుపు మీద తోలు ముడుచుకుపోయి ఉంది. "ఇది రాసుకోమ్మా" అన్నాడు. ఆయన భార్య గబుక్కున చొక్కా కిందికి లాగి, మమ్మల్ని బయటికి పంపి తలుపేసింది.

వీధి చివర లింగమ్మ అనే ముసలామె ఇల్లు. ఒంటరి మనిషి. వసారాలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చక్కగా జవాబులు చెప్పింది. పింఛను సంగతి, తాగునీళ్ల సంగతి, ఏ గుర్తుకు ఎందుకు వేస్తుందో కూడా. ఎక్కడా తడబడలేదు.

తర్వాత ప్రశ్న, మీ ఊళ్లో ఎవరి మాటకు విలువ ఎక్కువ అని. పేర్లు చదివాను. నరసింహప్ప పేరు వినగానే అవ్వ నా వైపు వింతగా చూసింది.

"ఆయప్ప పోయినాడు గదమ్మా."

ఏదో ఊరికి పోయాడనుకుని, ఎక్కడికి పోయాడవ్వా అన్నాను.

"సచ్చిపోయినాడు. చెయ్యి తెగిపోయె. ఇంగ నీళ్లు యాడ పట్టుకుంటాడు? నువ్వే గదా నోట్లో పోసినావు."

ఆమె గొంతులో భయం లేదు, బెదిరింపు లేదు. నిన్న గాలి బాగా వీచింది అన్నంత మామూలుగా చెప్పింది. కాయలు ఒలవడం కూడా ఆపలేదు. నేను ఖాజా అన్న వైపు చూశాను. ఆయన తన తల దగ్గర వేలు తిప్పి చూపించాడు, ముసలామెకు మతి సరిగా లేదన్నట్టు. 'చెప్పలేను' అన్న జవాబు నొక్కి లేచాను.

ఎండ తల మాడ్చేస్తోంది. టీ తాగుదామని బస్సులు ఆగే చోటికి వచ్చాం. అక్కడ టీ అంగడి ముందు బల్ల మీద కూర్చున్న మనిషే నరసింహప్ప అని ఖాజా అన్న మెల్లిగా చెప్పాడు. తెల్ల చొక్కా, చెవి కింది నుంచి మెడ దాకా పాత కొడవలి గాటు. కుడి చేతిలో టీ గ్లాసు. నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఏం పాపా, మా ఊరోళ్లు ఏమంటాండారు? గెలుస్తామా, ల్యాదా?" అని నవ్వుతూ అడిగాడు.

జవాబులు బయటికి చెప్పకూడదు. అది మా పని నియమం. కానీ మనసు ఒప్పుకోలేదు. ఎవరన్నది చెప్పకుండా, మీరు చనిపోయారని ఒకరు అన్నారని చెప్పేశాను. ఖాజా అన్న గతుక్కుమన్నాడు. నరసింహప్ప మాత్రం పగలబడి నవ్వాడు.

"ఈ ఊర్లో సగం మందికి అదే కోరిక పాపా. అదే రాసుకో."

నవ్వు ఇంకా ఆగలేదు. ఒక ఆటో వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగుతున్నారనే అనుకున్నాను. మొదటి బాంబు పేలాక గానీ అర్థం కాలేదు. పొగలో ఏమీ కనపడలేదు. ఖాజా అన్న నన్ను అంగడి గోడ వెనక్కి ఈడ్చాడు. చెవులు గింగురుమంటున్నా ఆ చప్పుడు వినిపించింది, కొబ్బరి బోండాలు నరికినట్టు. గోడ పక్కనుంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆయన మొహానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. కొడవలి దిగింది. చెయ్యి మణికట్టు దగ్గర తెగి బల్ల కింద పడింది. ఆ తర్వాత కూడా వాళ్లు ఆపలేదు. ఒకడు బూతులు తిడుతూనే ఉన్నాడు, "మా నాయనను చంపింది నువ్వే గదరా" అని. ఆటో వెళ్లిపోయింది.

ఆయన ఇంకా చావలేదు. మట్టిలో పడి పెదవులు కదిలిస్తున్నాడు. నీళ్లు, నీళ్లు అంటున్నాడు.

అప్పటిదాకా టీ తాగుతున్నవాళ్లు ఒక్కరూ లేరు. తలుపులన్నీ పడ్డాయి. కిటికీ సందుల్లో కళ్లు మాత్రం ఉన్నాయి. దగ్గరికి పోతే ఫలానా వర్గం అని ముద్ర పడుతుంది. రేపు ఆ కొడవలి వాళ్లింటికే వస్తుంది. ఆయన మనుషులు కూడా ఎవరూ బయటికి రాలేదు.

ఖాజా అన్న నా భుజం పట్టుకుని "వద్దు సుజాతా, మనకొద్దు" అన్నాడు. నేను విడిపించుకుని పోయాను. సంచిలో సీసా ఉంది. ఆయన అలవాటు కొద్దీ కుడి చెయ్యి చాపాడు. అక్కడ చెయ్యి లేదు. తల ఎత్తి పట్టి నోట్లో పోశాను. సగం నీళ్లు నెత్తురుతో కలిసి బయటికొచ్చాయి. అంబులెన్స్ రాకముందే ప్రాణం పోయింది. అవ్వ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

పోలీసులకు అన్నీ చెప్పాను, అవ్వ అన్న మాటా చెప్పాను. చంపే పథకం ముసలామె చెవిన పడి ఉంటుందన్నారు. ఆమెను అడిగితే తనకేమీ తెలియదందట.

పథకం తెలిసి ఉండొచ్చు. కానీ వేటు ఎక్కడ పడుతుందో నరికేవాళ్లకు కూడా ముందుగా తెలియదు. ఖాజా అన్న ఇంకో మాటన్నాడు. ఆమె అంది కాబట్టే నువ్వు ఆయన దగ్గరికి పోయినావు, ల్యాకుంటే పోయేదానివి కాదు అని. అది నిజమో కాదో నాకు తెలియదు. నా మట్టుకు నేను ఆ క్షణంలో అవ్వను తలచుకోలేదు. నీళ్లడుగుతున్న మనిషి కనిపించాడు, అంతే. చాలా కాలం రాత్రిళ్లు ఆ లేని చెయ్యి నా వైపు చాపి ఆయన కలలోకి వచ్చేవాడు.

ఎన్నికలయ్యాక ఇక ఉండబట్టలేక ఒక్కదాన్నే ఆ ఊరికి పోయాను. టీ అంగడి మూతపడి ఉంది. కొడవలి పట్టినవాళ్లలో ఒకడిని అప్పటికే ఎవరో చంపేశారు. లింగమ్మవ్వ వసారాలోనే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది. జరిగి చోటిచ్చింది.

"రా తల్లీ, కూచో. ఇంగా ఏమన్నా తెలుసుకోవల్లంటే అడుగు."

నీకెట్లా తెలిసిందవ్వా అని అడగడానికే అంత దూరం పోయాను. కానీ ఆమె మొహం చూశాక నాలుక చివరికి వేరే ప్రశ్నలొచ్చాయి. మా నాయన ఇంకెన్నాళ్లుంటాడని. నేనెన్నాళ్లుంటానని. అడగడమే బతుకుతెరువైన దాన్ని, ఒక్కటీ అడగలేదు. బస్సుకు టైమైందని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను.

ఆమెకు ఎలా తెలిసిందో ఈ రోజుకీ నేను చెప్పలేను. అడిగి ఉంటే మాత్రం ఆమె చెప్పేది. ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.