కొబ్బరి వదిలేసిన మా మేస్త్రిగారు

మా మేస్త్రిగారు పోయారు. కామెర్లు. పలివెల చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మా జట్టుకి ఆయనే పెద్ద. ఇలాంటివాళ్ళు పోతే పేపర్లో రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

చెట్టెక్కే ముందు ప్రతివాడి కాళ్ళ తాడూ తన చేత్తో లాగి చూసేవారు. ముడి నచ్చకపోతే ఎక్కనిచ్చేవారు కాదు. "చెట్టుకి నీ మీద కోపం లేదురా, ప్రేమా లేదు" అనేవారు. మేం ఇంకా బతికున్నామంటే ఆ చెయ్యే. అంతటి మనిషీ ఒక్కరోజు పొరపాటు చేశారు. వాన వెలిసిన సాయంత్రం, లారీ కదలాలని తోట రైతు తొందరపెడుతుంటే, "ఒక్క చెట్టే కదరా, ఎక్కేయ్" అన్నారు మా శీనుతో. పాచి మీద శీను కాలు జారింది. పడ్డాక వాడికి నడుం కింద మరి కదల్లేదు. ఆ రైతు చూడ్డానికైనా రాలేదు. మర్నాడే వేరే జట్టుని పెట్టుకున్నాడు.

తర్వాతి ఏడాది మేస్త్రిగారు, మా జట్టులోని సత్తిబాబు, నేను కాశీ వెళ్ళాం. మేమిద్దరం ఊరు చూడ్డానికి, ఆయన శీను కోసం. ఇరుకు సందుల్లో ఆవుల్ని తప్పించుకుంటూ విశ్వేశ్వరుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, దారిలో కనపడ్డ ప్రతి చిన్న గుడీ తిరిగారు. ఎక్కడా తన పేరు చెప్పలేదు. కండక్టరుకి దిగే ఊరు చెప్పినట్టు, "శీనండీ. పలివెల శీను. నడుం" అనేవారు.

"ఇక్కడి దేవుడికి తెలుగొచ్చంటారా మేస్త్రిగారూ?" అన్నాడు సత్తిబాబు.

"మన పలివెల గుళ్ళో ఉన్న శివుడే కదరా ఇక్కడా ఉన్నాడు. అక్కడ అర్థమైంది ఇక్కడ అవదా ఏటి?"

కాశీ వెళితే ఇష్టమైన కాయో పండో గంగలో వదిలి, ఇక జన్మలో ముట్టకూడదు. సత్తిబాబు కాకరకాయ వదిలాడు, నేను పొట్లకాయ. రెండూ మాకు పడనివే. మేస్త్రిగారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కొబ్బరి వదిలేశారు.

"పిచ్చాండీ మీకు? కోనసీమలో కొబ్బరి లేకుండా ఏం తింటారండీ?" అన్నాను.

"అక్కర్లేంది వదిల్తే ఆయనకేం ఇచ్చినట్టురా? ఆణ్ణి చెట్టెక్కించింది నేను కదా."

ఇంటికొచ్చాక పచ్చడి చిక్కే, కూర చిక్కే, అన్నిట్లోనూ కొబ్బరే. గుళ్ళో ఇచ్చిన కొబ్బరి ముక్క కళ్ళకద్దుకుని పక్కవాడి చేతిలో పెట్టేవారు. ప్రతి ఆదివారం శీను మంచం దగ్గర కూర్చుని వాడి బొటనవేలు గిల్లేవారు.

"తెలిసిందా?"

"లేదండీ."

ఏళ్ళ తరబడి ఇదే. ఒక ఆదివారం శీను "కొంచెం తెలిసినట్టుందండీ" అన్నాడు. ఆయన ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. అబద్ధమెందుకు ఆడావని నేను శీనుని తిట్టాను. "ఆయన మొహం చూళ్ళేకపోతన్నానురా" అన్నాడు.

మొన్న జబ్బులో మేస్త్రిగారికి ఏదీ ఇమడలేదు. ఒక్క గుక్క కొబ్బరి బొండాం నీళ్ళు తాగమని ఆయన భార్య కాళ్ళు పట్టుకుంది. నేను అరిచేశాను. "ఆ మొక్కు ఎందుకూ పనికి రాలేదండీ! శీను లేవలేదు, లేవడు!"

ఆయన కళ్ళు తెరవలేదు. "తెలుసురా. ఆడు అబద్ధమాడిన రోజే తెలుసు" అన్నారు. నీళ్ళు మాత్రం తాగలేదు.

పుణ్యం మూటగట్టుకున్నారని అంటున్నారు జనం. నాకే మూటా కనపడలేదు. చేసిన తప్పుని ఇంకొకడి మీదకి నెట్టని మనిషిని మాత్రం నేను ఆయన్నొక్కరినే చూశాను.

ఆఖరి చూపుకి శీనుని ఆటోలో తీసుకొచ్చాం. వాడు దిగలేడు. పాడె పక్కనుంచి వెళ్తుంటే, "నేనూ భుజం పడతానర్రా" అన్నాడు. ఆటో దగ్గర ఆగి ఒక కొన వాడి భుజానికి ఆనించాం. మిగతా మూడూ మా మీద ఉన్నాయి.

"పొద్దుపోతోంది, కదలండర్రా" అన్నారు వెనకనుంచి ఎవరో.

వాడు కర్ర వదల్లేదు. మేం వదలమనలేదు. పాడె రోడ్డు మీద అలాగే నిలబడింది.