పేరు చెప్పమన్న తలుపు

దయ్యాలూ ఆత్మలూ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ నమ్మను. కిందటేడు హైదరాబాద్‌లో పట్టపగలు, మనుషులు తిరిగే చోట జరిగింది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

మాది దివిసీమలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. ఇప్పుడు బందరులో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నాం. మా వీధివాళ్లు బస్సు మాట్లాడుకుని హైదరాబాద్ చూడ్డానికి బయల్దేరారు. నాకు ఇష్టం లేదు. నా భార్య మాత్రం చూడాల్సినవన్నీ కాగితం మీద రాసి పెట్టుకుంది: చార్మినార్, గోల్కొండ, హుస్సేన్‌సాగర్‌లో పడవ. పెళ్లయ్యాక ఆవిడ నన్ను అడిగిన ప్రయాణం అదొక్కటే. సరేనన్నాను.

మొదటి రోజు గోల్కొండ గుమ్మటం కింద అందరూ చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విన్నారు. నేను కొట్టలేదు.

రెండో రోజు డ్రైవరు మమ్మల్ని ఊరి బయట ఇంకో చోటికి తీసుకెళ్లాడు. అది ఆవిడ కాగితంలో లేదు. పాత ఇళ్ల స్తంభాలు, పల్లకీలు, తలుపులు పోగేసి టికెట్ పెట్టి చూపిస్తున్నారక్కడ. లోపలి హాల్లో, సిమెంటు గోడకు ఇనప పట్టీలతో బిగించి, మా సింహద్వారం ఉంది.

మాదేనని ఎలా తెలుసంటే, ద్వారబంధం మీద చెక్కిన రెండు చిలకల్లో ఎడమదానికి ముక్కు లేదు. చిన్నప్పుడు బొంగరం విసిరి విరగ్గొట్టింది నేనే.

ఆ తలుపును అమ్మిందీ నేనే. ఇల్లు పడగొట్టిన ఏడాది, నా భార్య గుడివాడలో పుట్టింట్లో ఉన్నప్పుడు, బెజవాడ నుంచి వచ్చిన బేరగాడికి ఇచ్చేశాను. గడప అమ్ముకునేవాడు మనిషే కాదని పదిమందిలో అన్నవాణ్ని నేను. అందుకని ఆవిడకు చెదలు తినేశాయనీ, ముక్కలు చేసి తగలబెట్టించాననీ చెప్పాను. దాని అడ్డగడియ ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. పోయిందని బేరగాడికి అబద్ధం చెప్పి, గుడ్డలో చుట్టి అటక మీద దాచాను.

గైడు కుర్రాడు మైకు పట్టుకుని, అది రాయలసీమ పాలెగాడి కోట తలుపన్నాడు. "ఆ దొరలు తాగి తందనాలాడి ఇట్టాంటివన్నీ పోగొట్టుకున్నారండీ" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న జన్మలో కల్లు ముంత ముట్టలేదు. కానీ నోరు విప్పితే అమ్మిన సంగతి బయటపడుతుంది.

నా భార్య ద్వారబంధం మీద చెయ్యి వేసి చూస్తోంది.

"చెదలు తిన్న తలుపు ఇంత నున్నగా ఉందేమండీ?"

"ఇలాంటివి దివిసీమలో ఇంటికొకటి ఉండేవి" అన్నాను.

"ముక్కు విరిగిన చిలక కూడానా?"

నేను పల్లకీల వైపు తిరిగాను.

గైడు మిగతావాళ్లను వెంటబెట్టుకుని పక్క గదిలోకి వెళ్లాడు. తలుపు దగ్గర మేమిద్దరం, మా వీధిలో బట్టల కొట్టున్న ఖాదర్ గారు మిగిలాం. ఆయన తలుపుకు చెవి ఆనించి, "లోపల ఎవరో ఆడమనిషి పేరు చెప్పమంటోందండీ. టికెట్‌కి కాబోలు" అన్నాడు. మరుక్షణం తలుపు కేసి గట్టిగా, "ఖాదర్ అండీ, బందరు!" అని చెప్పాడు.

"మీరు కాదు. అన్నయ్య చెప్పాలి."

ఈసారి ముగ్గురం విన్నాం. అది మా చెల్లెలు రాజ్యం గొంతు. జలుబు చేసినట్టుండే ఆ గొంతును నేను పొరపడను. రాజ్యం పోయి పదకొండేళ్లయింది.

మా వైపు కొత్త దంపతులు గడప దాటబోతే ఆడపడుచు అడ్డం నిలబడి ఒకరి పేరు ఒకరిచేత చెప్పిస్తుంది. మా పెళ్లికి రాజ్యం ఇదే ద్వారంలో అడ్డం నిలబడింది. నా భార్య సిగ్గుపడుతూనే నా పేరు చెప్పింది. మా వంశంలో మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరని నేను చెల్లెల్ని తోసుకుని లోపలికి వెళ్లాను. "ఇవాళ కాకపోతే రేపు. చెప్పేదాకా వదలను అన్నయ్యా" అంది రాజ్యం. తరవాత కూడా నేను ఏనాడూ చెప్పలేదు. ఇంట్లో "ఇదిగో" అంటే సరిపోయేది.

గబగబా గోడ వెనక్కి వెళ్లి చూశాను. ఎండ, ఖాళీ స్థలం, పైపులు. మనిషి లేదు, స్పీకరు లేదు. తిరిగొచ్చేసరికి నా భార్య మొహం పాలిపోయి ఉంది. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. గైడు మీద, చచ్చిపోయి కూడా దారికి అడ్డం నిలబడ్డ రాజ్యం మీద, అన్నిటికన్నా నా మీద. "ఈ తలుపు మాది. చెదలు తినలేదు. నేనే అమ్ముకున్నాను" అని అరిచాను. పక్క గదిలో మైకు ఆగిపోయింది. అదే ఊపులో "సుభద్ర!" అన్నాను.

లోపలి నుంచి అడ్డగడియ తీసిన చప్పుడైంది. కర్ర కర్రకు రాసుకునే ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ని. తలుపు మాత్రం కదల్లేదు. ఇనప పట్టీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

బందరు వచ్చాక అటక ఎక్కి చూశాను. గడియ గుడ్డలోనే ఉంది. గుడ్డ మీద దుమ్ము చెదరలేదు. ఖాదర్ గారిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆ మాటలే చెప్పాడు. సిమెంటు గోడలోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో, ఇక్కడున్న గడియ అక్కడెలా చప్పుడు చేసిందో నాకు ఈనాటికీ తెలియదు.

తలుపు అమ్మిన సంగతి నా భార్య మళ్లీ ఎత్తలేదు. కానీ అప్పటినుంచి బజారుకు వెళ్లి వచ్చినప్పుడల్లా, ఈ అద్దె వాటా గడప బయట సంచి పట్టుకుని నిలబడుతుంది. పిలిచేదాకా లోపలికి రాదు. ఇరుగుపొరుగు చూస్తుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

"సుభద్రా" అంటాను. అప్పుడు లోపలికి వస్తుంది.